క్యాట్‌లో 86 పర్సంటైల్, మూడేళ్ళుగా నాన్నగారి జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు: పెద్ద బిజినెస్ స్కూల్‌లో సీటుకి ఈసారి ఏం మార్చాలి?

మహేంద్రతనయ

అందరికీ నమస్కారం. మాది ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్. టెన్త్ ఒడిశా బోర్డులో 78 శాతం, ప్లస్ టూ కామర్స్‌లో 64, బీకాంలో 71. ప్లస్ టూ రెండో ఏడాది అమ్మకి ఆపరేషన్ అయ్యి ఇంటి పని, తమ్ముడి చదువు రెండూ నా మీద పడ్డాయి, మార్కులు అక్కడే దెబ్బతిన్నాయి.

డిగ్రీ అయ్యాక బయట ఉద్యోగం చెయ్యలేదు. మాకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, పాతిక మంది దాకా పని చేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. మూడేళ్ళుగా అక్కడి లెక్కలన్నీ నేనే చూస్తున్నాను. మార్చి నుంచి మే దాకా రైతుల దగ్గర జీడిపిక్కలు కొనే రోజుల్లో తూకం దగ్గర నించోవడం మొదలుకొని, పలాస వ్యాపారులకి బిల్లులు వెయ్యడం, కూలీల వారం లెక్క కట్టడం, జీఎస్టీ ఆడిటర్ గారికి కాగితాలు పంపడం దాకా అన్నీ.

కిందటి నవంబరులో విశాఖపట్నం సెంటర్లో క్యాట్ రాశాను, ఐఐఎంల లాంటి పెద్ద బిజినెస్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష. కోచింగ్ లేదు, యూట్యూబ్ వీడియోలు, ఎవరో ఇచ్చిన పాత పుస్తకాలు, అంతే. మొత్తం మీద 86 పర్సంటైల్, అంటే రాసినవాళ్ళలో నూటికి 86 మంది నా వెనక. మ్యాథ్స్‌లో 93, లాజిక్‌లో 84 వచ్చాయి కానీ ఇంగ్లిష్ సెక్షన్ 71 దగ్గర ఆగిపోయింది. ఏ పెద్ద కాలేజీ నుంచీ ఇంటర్వ్యూ పిలుపు రాలేదు.

ఇప్పుడు మళ్ళీ రాద్దామనుకుంటున్నాను. మా వీధిలో పెద్దవాళ్ళు "ఐఐఎం అంటే ఐఐటీ పిల్లలకే గానీ మనకెందుకమ్మా" అంటున్నారు. భువనేశ్వర్‌లో ఒక కన్సల్టెంట్ ఫోన్ చేసి, ప్రొఫైల్ బిల్డింగ్ చేస్తాం, రెండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేసినట్టు లెటర్, దరఖాస్తులో అడిగే వ్యాసాలు మేమే రాసిస్తాం, అన్నీ కలిపి 60 వేలు అన్నారు. నాన్నగారితో చెబితే ఆయన ఒక్కటే మాటన్నారు: "ఇంకో ఏడాది రాయమ్మా, నేనేమీ వద్దనను, కానీ ఈసారి ఏటి మారుస్తావో ముందు నాకు చెప్పు." నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ప్లస్ టూ 64తో అసలు దారి ఉందా? సొంత ఫ్యాక్టరీలో చేసిన పనిని అనుభవం కింద లెక్కేస్తారా? ఆ 60 వేలు పెట్టడం అవసరమా?

నాగావళి_ఒడ్డు

చెల్లీ, మాది రాయగడ. నా ప్లస్ టూ 61. బీకాం చదివి, రెండోసారి క్యాట్ రాసి ఒక ఐఐఎంలో చేరాను. కాబట్టి దారి ఉందా లేదా అని టెన్షన్ పెట్టుకోకు, ఉంది. అయితే అన్ని తలుపుల దగ్గరా అదే దారి ఉండదు, ఆ తేడా తెలియక నేను మొదటి ఏడాది పోగొట్టుకున్నాను.

ముందు ఆ 60 వేల సంగతి. చెయ్యని పనికి లెటర్ తెచ్చుకుంటే అది అబద్ధం, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది, చేరాక సర్టిఫికెట్ల పరిశీలనలో దొరికితే సీటే పోతుంది. ఆ డబ్బులో పదో వంతు పెట్టి మంచి మాక్ టెస్టులు (నమూనా పరీక్షలు) కొనుక్కో, చాలు.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి ఐఐఎం ఏటా తన వెబ్‌సైట్‌లో అడ్మిషన్ పాలసీ పెడుతుంది. పిలుపు ఎవరికిస్తారు, చివరి జాబితా ఎలా కడతారు, టెన్త్‌కి ఎంత, ప్లస్ టూకి ఎంత, డిగ్రీకి ఎంత, ఉద్యోగ అనుభవానికి ఎంత, అన్నీ అందులో రాసి ఉంటాయి. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. అహ్మదాబాద్, కలకత్తా, బెంగళూరు లాంటి పాత చోట్ల బడి మార్కులకి బరువు గట్టిగానే ఉంటుంది. బెంగళూరులో అయితే వేరు వేరు బోర్డుల మార్కులని ఒక స్థాయికి తెచ్చి మరీ పోలుస్తారు, కాబట్టి మన ఒడిశా బోర్డు 64ని వేరే బోర్డు 90 పక్కన ఉన్నదున్నట్టు పెట్టేస్తారని భయపడనక్కర్లేదు. అహ్మదాబాద్‌లో డిగ్రీలో చదివిన రంగాన్ని బట్టి వర్గాలు చేసి చూసే పద్ధతి ఉంది. దరఖాస్తు చేసేవాళ్ళలో ఇంజనీర్లే ఎక్కువ కాబట్టి ఇంజనీరింగ్ కాని డిగ్రీకీ, అమ్మాయిలకీ కొన్ని చోట్ల విడిగా మార్కులు కలుపుతారు. కోళికోడ్ ఐఐఎంలో 2013లో చేరిన బ్యాచ్‌లో సగానికి పైగా అమ్మాయిలే. నువ్వు అమ్మాయివి, కామర్స్, మూడేళ్ళ అనుభవం. ఈ మూడూ నీ పక్షాన ఉన్నాయి, 64 ఒక్కటే ఎదురుంది.

ఈ వారం ఒక పెద్ద కాగితం తీసుకుని పదిహేను కాలేజీల పాలసీలు చదివి, ఒక్కోదాంట్లో నీ మార్కులకి ఎన్ని పాయింట్లు వస్తాయో నువ్వే లెక్క కట్టు. లెక్కలు నీకు కొత్త కాదు కదా. అప్పుడు ఎక్కడ 99 కావాలి, ఎక్కడ 95 చాలు అనేది ఒకరిని అడిగే పని లేకుండా కనిపిస్తుంది. 2015లో వచ్చిన విశాఖపట్నం, సంబల్‌పూర్, నాగ్‌పూర్ ఐఐఎంలు మూడూ మన చుట్టూనే ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకు. భువనేశ్వర్‌లో ఎక్స్ఐఎంబీ అనే బిజినెస్ స్కూల్ 1987 నుంచి ఉంది. జంషెడ్‌పూర్‌లో ఎక్స్ఎల్ఆర్ఐ అనే బిజినెస్ స్కూల్‌కి జనవరిలో ఎక్స్ఏటీ అనే పరీక్ష విడిగా రాయాలి, అందులో డెసిషన్ మేకింగ్ అనే భాగం ఉంటుంది, రోజూ కూలీలతో, వ్యాపారులతో మాట్లాడే మనిషికి అది కలిసొస్తుంది.

పరీక్ష గురించి. 2024లో 68 ప్రశ్నలు, ఇంగ్లిష్‌కి 24, మిగతా రెండిటికీ 22 చొప్పున, ఒక్కో సెక్షన్‌కి 40 నిమిషాలు, ఒకదాంట్లో మిగిలిన టైం ఇంకోదానికి వాడుకోలేం. మొత్తం 204 మార్కుల్లో దాదాపు నూరు వస్తే ఆ ఏడాది 99 పర్సంటైల్ వచ్చింది. అంటే సగం మార్కులు! అన్నీ చెయ్యాలన్న ఆత్రమే మనల్ని ముంచుతుంది. లాజిక్‌లో ఐదు ప్రశ్నల సెట్లు ఇస్తే మొదటి ఐదు నిమిషాలు పెన్ను కింద పెట్టి అన్నీ చదివి, ఏ రెండు మూడు చెయ్యాలో తేల్చుకుని వాటినే పూర్తిగా చెయ్యి.

నీ 71 సంగతే ముఖ్యం, ఎందుకంటే చాలా ఐఐఎంలు సెక్షన్ల వారీగా కూడా కటాఫ్ పెడతాయి, ఒకటి తగ్గితే మిగతావి ఎంతున్నా పిలవరు. ఆ 24లో 16 ప్రశ్నలు నాలుగు పెద్ద పాసేజీల మీదే వచ్చాయి. గ్రామర్ పుస్తకాలు పక్కన పెట్టేయ్. నేను చేసింది చెబుతాను: రోజూ ఒక పొడుగాటి ఇంగ్లిష్ వ్యాసం చదివి, మూసేసి, రాసినాయన ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాలు రాసేవాడిని. మొదటి నెల రాయలేకపోయాను. పదాలన్నీ తెలుసు, విషయం మాత్రం చేతికి చిక్కేది కాదు. నాలుగు నెలలకి చిక్కింది. మన భాషలో చెప్పలేకపోతే మనకి అర్థం కానట్టే. మాక్ ఒకటి రాస్తే దాన్ని విప్పి చూసుకోవడానికి రెండింతలు టైం పెట్టు, ఏ ప్రశ్న ఎందుకు తప్పిందో నోటుబుక్‌లో రాయి.

బరంపురం_అక్క

పై అన్నయ్య చెప్పినదంతా నిజం. నేను రెండో ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే నాదీ ఇంటి వ్యాపారమే, బరంపురంలో పట్టుచీరల షాపు, తర్వాత హైదరాబాద్‌లో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్‌లో చదివాను.

లెక్కేస్తారమ్మా, కానీ కాగితం ఉండాలి. డిగ్రీ పూర్తయ్యాక ఫుల్ టైం చేసిన పనినే అనుభవం అంటారు. నాన్నగారు నీకు జీతం చేతికిస్తే దానికి ఆధారం ఏముంటుంది? ఈ నెల నుంచే బ్యాంకు ఖాతాలో వెయ్యమను, నీ పేర ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వెయ్యి, ఫ్యాక్టరీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ కాపీ, నువ్వు ఏ పని ఎప్పటినుంచి చేస్తున్నావో లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం దగ్గర పెట్టుకో. గడిచిన మూడేళ్ళకి ఏ ఆధారాలు నిజంగా ఉన్నాయో ఆడిటర్ గారిని అడుగు. పాత తేదీలతో కొత్తగా ఏదీ పుట్టించకు. లేనిది లేదని చెబితే కొన్ని పాయింట్లు తగ్గుతాయేమో, నీ మాట మీద నమ్మకం మాత్రం మిగులుతుంది.

క్యాట్ ఒక్కటే దారి అని కూడా అనుకోకు. ఐఎస్‌బీలో ఏడాది కోర్సుకి సాధారణంగా రెండేళ్ళ అనుభవం అడుగుతారు, జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష స్కోరుతో వెళ్ళాలి. జీమ్యాట్ ఇప్పుడు కొత్త రూపంలో ఉంది, మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 దాకా, ఐదేళ్ళు చెల్లుతుంది, ఏడాదిలో ఎప్పుడైనా రాయొచ్చు. క్యాట్ లాగా నవంబరులో ఒక్క ఆదివారం జ్వరం వస్తే ఏడాది పోయే పరిస్థితి కాదు. అయితే ఫీజు ఎక్కువ, అది ఆలోచించుకో. నువ్వు మళ్ళీ ఫ్యాక్టరీకే రావాలనుకుంటే కుటుంబ వ్యాపారాల వాళ్ళ కోసమే ఐఎస్‌బీలో, ముంబయిలో ఎస్‌పీజైన్ అనే బిజినెస్ స్కూల్‌లో విడిగా కోర్సులున్నాయి. పంట కొనుగోళ్ళు, రైతులు, సహకార సంఘాలు లాంటి పని మీద మనసుంటే గుజరాత్ ఆనంద్‌లో 1979లో, పాల సహకార సంఘాలు నడిపించిన కురియన్ గారు మొదలుపెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా గురించి చదువు, నీ పనికి దగ్గరి చుట్టం లాంటి చదువు అది.

వ్యాసాల మాట. కన్సల్టెంట్ రాసిచ్చే వ్యాసంలో నువ్వుండవు. నా మొదటి ముసాయిదాలో "నాయకత్వం", "సవాళ్ళు", "అభిరుచి" అన్న మాటలే ఉన్నాయి, మా మేనమామ చదివి "ఇందులో మన షాపు ఎక్కడుందే?" అన్నాడు. చింపేసి మళ్ళీ రాశాను. దసరా ముందు ఏ రంగు చీరలు మిగిలిపోతాయో మూడేళ్ళ బిల్లు పుస్తకాలు తిరగేసి చూసి, ఆ ఏడాది ఆర్డరు తగ్గించిన సంగతి ఒక్కటే రాశాను. ఇంటర్వ్యూలో పావుగంట దాని మీదే నడిచింది. నీ మూడేళ్ళలో నువ్వు మార్చినది ఏదైనా ఒకటి ఉందా? చిన్నదైనా సరే, అంకెతో చెప్పగలిగేది. ఉంటే ఇక్కడ రాయి, చూద్దాం.

రికమెండేషన్ నాన్నగారితో రాయించకు. మీ ఆడిటర్ గారో, ఏళ్ళ తరబడి మీ దగ్గర సరుకు కొంటున్న వ్యాపారో నీ పని చూసినవాళ్ళు, వాళ్ళని అడుగు.

గుణుపురం_కుర్రాడు

అందరూ చదువు గురించి చెప్పారు, నేను సర్టిఫికెట్ గురించి చెబుతాను. దీని వల్ల నాకు ఒక ఏడాది పోయింది, ఇంకెవరికీ పోకూడదు.

రిజర్వేషన్ వర్తించే కుటుంబమైతే బాగా వినండి. ఒడిశాలో వెనకబడిన తరగతులకి రాష్ట్రం ఇచ్చేది ఎస్ఈబీసీ సర్టిఫికెట్. ఐఐఎంలు కేంద్ర సంస్థలు, వాళ్ళకి కావలసింది కేంద్ర జాబితా ప్రకారం, కేంద్రం ఫార్మాట్‌లో ఉన్న నాన్ క్రీమీలేయర్ (బాగా కలిగిన కుటుంబం కాదని చెప్పే) ఓబీసీ సర్టిఫికెట్. నేను ఎస్ఈబీసీ చాలనుకున్నాను, ఆఫీసులో కూడా ఇదే సరిపోతుందన్నారు. ఇంటర్వ్యూ రోజు కాగితాలు చూసే టేబుల్ దగ్గర ఆపేశారు. అమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి గంట పట్టింది నాకు.

ఇంకోటి మన సరిహద్దు వాళ్ళకే వచ్చే చిక్కు. కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఇచ్ఛాపురంలో ఉన్న మన మేనత్త పిల్లలకి ఆంధ్ర జాబితాలో ఉన్న పేరు మనకి ఒడిశా జాబితాలో ఉండాలని లేదు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. ఇంట్లో వాడే పేరు, రికార్డులో ఉన్న పేరు, జాబితాలో ఉన్న పేరు మూడూ ఒకటో కాదో ఇప్పుడే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు), నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్లకి ఏ ఆర్థిక సంవత్సరం అన్న లెక్క కూడా ఉంటుంది, కాబట్టి ఏప్రిల్ రాగానే కొత్తది తీసుకోవాలి. క్యాట్ ఫారం ఆగస్టులో తెరుస్తారు, అప్పుడు పరుగెత్తితే అందదు. టెన్త్ మార్కుల షీటులో నీ పేరు స్పెల్లింగ్, ఆధార్‌లో స్పెల్లింగ్ కూడా సరి చూసుకో, ఒడియా నుంచి ఒకలా, తెలుగు నుంచి ఒకలా రాసేస్తారు మన పేర్లు.

మహేంద్రతనయ

అన్నయ్యా, అక్కా, అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రోజులు కూర్చుని పదకొండు కాలేజీల పాలసీలు చదివాను. నిజమే, నా 64 ఒక చోట నన్ను దాదాపు బయటికి నెట్టేస్తోంది, ఇంకో చోట రెండు మూడు పాయింట్లే పోతున్నాయి. ఏడాది పాటు "ఐఐఎం" అని ఒకే పేరు పెట్టుకుని భయపడ్డాను.

అక్క అడిగినదానికి. ఇది చిన్న విషయం, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. పిక్కలు మేము 80 కిలోల బస్తాల్లో కొంటాం. తూకంలో అన్ని బస్తాలూ ఒకటే, కోస్తే మాత్రం ఒకటి కాదు. పచ్చిగా ఉన్నవి బరువు తూగుతాయి, పప్పు తక్కువ ఇస్తాయి. మొదటి సీజన్‌లో నేను ప్రతి రైతు సరుకులోంచి కిలో తీసి విడిగా కోయించి, పప్పు తూచి, పుస్తకంలో రాశాను. మా దగ్గర రామాయణం పారాయణ చేసే ముసలావిడ ఒకరున్నారు, కటింగ్‌లో ముప్ఫై ఏళ్ళ చెయ్యి, ఆవిడ పిక్కని చెవి దగ్గర ఆడించి "ఇది ఎండలేదమ్మా" అనేది, కోస్తే నిజంగా అంతే. సగటున బస్తాకి 20 కిలోల పప్పు వస్తోంది. మూడు రోజులు ఎండబెట్టి తెచ్చేవాళ్ళ సరుకు 21కి పైన ఇస్తోంది. రెండో ఏడాది నాన్నగారిని ఒప్పించి, బాగా ఎండిన సరుకుకి కిలోకి 5 రూపాయలు ఎక్కువ ఇచ్చాం. ఆ ఏడాది సగం మంది రైతులు ఎండబెట్టి తెచ్చారు.

ఇంక నా భయం ఇంటర్వ్యూ. ఇంగ్లిష్ చదవగలను, రాయగలను. నలుగురి ముందు మాట్లాడాలంటే ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ నోట్లో ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పర్లాకిమిడి అంటే ఎక్కడుందో కూడా వాళ్ళకి తెలియదు కదా, ఏం అడుగుతారు?

బరంపురం_అక్క

చిన్న విషయమంటావేంటమ్మా! బస్తాకి 400 రూపాయలు ఎక్కువ ఇచ్చి, కిలో పప్పు ఎక్కువ తెచ్చుకున్నావు. ఇదే నీ వ్యాసం. ఆ ముసలావిడ చెవి దగ్గర పిక్క ఆడించడం తీసెయ్యకు. నీ పుస్తకం ఫొటోలు తీసి భద్రంగా పెట్టుకో.

నాగావళి_ఒడ్డు

చెల్లీ, ఊరు తెలియకపోవడమే నీకు మంచిది, తెలియని ఊరి గురించి అడగాలని వాళ్ళకీ ఉంటుంది. నా ఇంటర్వ్యూలో సగం రాయగడ మీదే. ఒక కంపెనీ బాక్సైట్ తవ్వాలనుకున్న నియమగిరి కొండల గురించి అడిగారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ తర్వాత 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకానికి వద్దని చెప్పడం, అంతవరకు చెప్పాను. "మీరు ఆ కంపెనీ మేనేజర్ అయితే ఏం చేసేవారు?" అన్నారు. నేను కంగారుపడి రెండు వైపులా మంచిమాటలు చెప్పాను, ఒకాయన "మీ అభిప్రాయం అడిగాను" అన్నారు. అప్పుడు కాస్త ఆగి, శుద్ధి కర్మాగారం కట్టేశాక ఊళ్ళని అడగడం తలకిందుల పని, ముందే వెళ్ళి కూర్చుని మాట్లాడాల్సింది అని నాకు అనిపించింది చెప్పాను. ఆయన తల ఊపారు. ఇంగ్లిష్ అంత గొప్పగా ఏం లేదు, చెప్పింది మాత్రం నాది.

నిన్ను పర్లాకిమిడి గురించి అడగకుండా వదలరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి మీ ఊరు ఒడిశాలోకి ఎలా వచ్చింది, మీ రాజావారి పాత్ర ఏమిటి అనేది తెలుసుకుని వెళ్ళు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్ళో పాఠాలు చెబుతూనే సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ కోసం పుస్తకాలు రాశారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. కొమ్ముతో చేసే మీ ఊరి బొమ్మల పని గురించి, ఆ పనివాళ్ళ బతుకు గురించి కూడా రెండు మాటలు చెప్పగలగాలి. ఇవి బట్టీ పట్టి అప్పజెప్పకు, సాయంత్రం పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకో.

కామర్స్ చదివావు కాబట్టి తరుగుదల, బ్యాలెన్స్ షీటు, వర్కింగ్ క్యాపిటల్ మీద గట్టిగా పట్టుకుంటారు. అవి మీ ఫ్యాక్టరీ మీదే చెప్పడం అలవాటు చేసుకో. పిక్కలు మూడు నెలల్లో నగదు పెట్టి కొనేస్తారు, పప్పు ఏడాదంతా అమ్ముతారు, మరి ఆ డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటుంది? ఆ వడ్డీ ఎవరు మోస్తున్నారు? ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుమతి చేసుకునే పెద్ద ఫ్యాక్టరీలతో, వియత్నాంతో మీలాంటి చిన్నవాళ్ళు ఎలా నెగ్గుకొస్తారు? కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే అంటున్నావు, యంత్రం పెడితే వాళ్ళేమవుతారు? ఇంకొకటి, నేనే ప్యానెల్‌లో ఉంటే మొదట ఇదే అడుగుతాను: ఎండబెడితే రైతుకి బరువు తగ్గుతుంది, నీ 5 రూపాయలు ఆ నష్టాన్ని పూడుస్తాయా? సగం మంది తెచ్చారన్నావు, మిగతా సగం ఎందుకు తేలేదు?

మాట్లాడడానికి మందు ఒక్కటే. రోజూ రాత్రి పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. మొదటి వారం నీ గొంతు నీకే వినబుద్ధి కాదు, అయినా మానకు. ఇంగ్లిష్ మాట తట్టకపోతే ఆగు, చిన్న వాక్యంలో చెప్పు. కావాలంటే ఆదివారాలు నాకు కాల్ చెయ్యి, ఇంకో ఇద్దరు పిల్లలు కొరాపుట్ నుంచి వస్తున్నారు, నలుగురం కలిసి మాక్ ఇంటర్వ్యూలు చేసుకుందాం. వివరాలు మెసేజ్ పెడతాను.

పాత_బ్యాంకు_మేనేజరు

అమ్మా, ఫీజు గురించి ఇంట్లో దిగులుంటే ఒక మాట. పాత ఐఐఎంలలో రెండేళ్ళ ఫీజు 20 లక్షలు దాటింది. కానీ ఇలాంటి సంస్థల్లో సీటు వస్తే ఆస్తి తాకట్టు లేకుండానే బ్యాంకులు అప్పు ఇస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలో ఉన్న సంస్థలకి తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, వేరే స్కాలర్‌షిప్పు, వడ్డీ రాయితీ ఏవీ పొందనివాళ్ళకి 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ళ బిజినెస్ స్కూల్ ఎఫ్ఎంఎస్‌లో అయితే ఫీజే చాలా తక్కువ, దానికీ క్యాట్ స్కోరే. మీ ఫ్యాక్టరీని, ఇంటిని తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ముందే మానుకోండి. నాన్నగారితో కలిసి ఆదాయం కాగితాలు సిద్ధం చేసుకోండి.

మహేంద్రతనయ

అన్నయ్యా, మీ ప్రశ్నకి జవాబు లేక నిన్న రాత్రి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క కట్టాను. 80 కిలోల ఎండిన బస్తా రావాలంటే రైతు దగ్గర 83 కిలోల పచ్చి సరుకు ఉండాలి. అంటే 3 కిలోలు ఎండలో పోయాయి, అప్పటి రేటు కిలో 110, నష్టం 330. మేము ఎక్కువ ఇచ్చింది 400. మూడు రోజులు ఆరబోసి, రాత్రి మంచుకి ఎత్తి, పొద్దున మళ్ళీ పరిచిన మనిషికి బస్తాకి మిగిలింది 70 రూపాయలు. పది బస్తాలున్నవాడికి కాస్త గిట్టింది. ఒకటి రెండు బస్తాలు తెచ్చే కొండమీది ఊళ్ళవాళ్ళకి ఆ మూడు రోజుల కూలి పనే ఎక్కువ. తేనిది వాళ్ళే. పుస్తకంలో పేర్లు చూస్తే అలాగే ఉంది.

నాన్నగారు చాలాసేపు ఆ కాగితం వంక చూసి, వచ్చే మార్చికి ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో సిమెంటు కళ్ళం వేయిద్దాం, వాళ్ళ సరుకు మనమే ఎండబెట్టి ఎండాకే తూద్దాం, రేటు అప్పుడు మాట్లాడదాం అన్నారు. ఖర్చు ఎంతవుతుందో రేపు మేస్త్రీని అడుగుతాను. ఇవాళ్టి ఇంగ్లిష్ వ్యాసం చదివేశాను, తెలుగులో రెండు వాక్యాలు రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆదివారం ఎన్ని గంటలకి కాల్ చెయ్యాలో చెప్పండి.